పున్నమ్మ చెప్పిన వయసు

పున్నమ్మ ఏడవలేదు. మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, అన్నం తిని తోటలో చెట్టు కింద తువ్వాలు పరుచుకుని నడుం వాల్చిన మొగుడు చిన్నరాయప్ప మళ్ళీ లేవలేదు. ఎండదెబ్బ అన్నారు. ఆ రోజూ ఏడవలేదు, పెద్దకర్మ రోజూ ఏడవలేదు, ఏడాది తిరిగాక సంవత్సరీకం పెట్టిన రోజూ ఏడవలేదు. ఊళ్ళో వాళ్ళకు ఇలాంటివి మింగుడుపడవు. మొదటి రోజు పాపం బిత్తరపోయిందన్నారు. మూడో రోజుకు గుండె రాయన్నారు. ఆ తరవాత ఇంకో మాట కూడా అన్నారు గానీ అది రాయడానికి నాకు మనసొప్పదు. అన్నవాళ్ళంతా ఆమె ఇంట్లో భోజనం చేసి వెళ్ళినవాళ్ళే.

ఆమె సంగతి ఆమెకు తెలుసు. ఎక్కువసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, కాలు ఉందని కంటికి కనిపిస్తూనే ఉంటుంది, నేల మీద ఆనిందో లేదో తెలియదు. మనిషంతా అలా ఉంది. పొద్దున్నే లేచేది, పనికి వెళ్ళేది, వచ్చి వండుకునేది. కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఒకే తీరున తినేది. పెళ్ళై వెళ్ళిన కూతురు స్వాతి ఫోన్ చేసి ఎలా ఉన్నావమ్మా అంటే బాగానే ఉన్నానని చెప్పేది. ఆ మాటలో అబద్ధం కూడా లేదు, ఎక్కడా నొప్పి లేదు మరి.

పున్నమ్మ పుట్టిల్లు ఉంగుటూరు. నాట్లు, కలుపు, కోతలు, కుప్పలు, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మోకాటి లోతు బురదలో పెరిగింది. పద్దెనిమిదేళ్ళకు చిన్నరాయప్పను చేసుకుని రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లోకి వచ్చాక తెలిసింది, వంగకుండా కూడా కూలి పని చేయవచ్చని. పెళ్ళైన రెండో ఏడు మామిడి మొక్కల నర్సరీలో అంటు కట్టే పనికి కుదిరింది. ఆ పనికి చేతిలో నిదానం ఉండాలి, నోటికి తాళం ఉండాలని అక్కడి మేస్త్రి అనేవాడు. మాట్లాడుతూ కట్టిన అంటు బతకదని ఆయన నమ్మకం. పున్నమ్మకు ఆ రెండూ పుట్టుకతోనే ఉన్నాయి.

టెంక నుంచి మొలిచిన నాటు మొక్క తల నరికి, కాండాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, బంగినపల్లిదో చిన్నరసానిదో మంచి చెట్టు పుల్లను రెండు వైపులా చెక్కి ఆ చీలికలోకి దించి, ప్లాస్టిక్ రిబ్బనుతో గాలి దూరకుండా బిగించాలి. రోజుకు రెండు వందల అంట్లు కట్టేది. నూటికి తొంభై బతికేవి. చెయ్యి ఒక ఎత్తైతే, ఆమె కన్ను ఒక ఎత్తు. పుల్ల మరీ లేతదైతే మాడిపోతుంది, మరీ ముదిరితే చిగురించదు. ఏ పుల్లకు ఎంత వయసో తెలియాలి. మామిడి కొమ్మ చిగురు వేసి ఆగిన చోటల్లా ఆకుల మచ్చలు దగ్గర దగ్గరగా పడి ఒక కణుపులా నిలుస్తుంది. కుర్ర చెట్టు ఏడాదికి మూడు విడతలు చిగురు వేస్తుంది. కాబట్టి మూడు కణుపులైతే ఒక ఏడు. పున్నమ్మ చూడక్కర్లేదు, బొటనవేలు అలా జార్చి చెప్పేసేది. రైతులు తమ తోటలో కొమ్మలు విరుచుకొచ్చి ఆమెను పరీక్ష పెట్టి ఓడిపోయి వెళ్ళేవారు. ముప్ఫై ఏళ్ళలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. అంతకాలం తప్పని లెక్క ఏదైనా ఉంటే దాన్ని మనిషి కాస్త అనుమానించాలి, కానీ ఆ మాట ఆమెకు ఎవరు చెప్తారు?

ఇక జింక. అది చిన్నరాయప్ప జింక అని ఊళ్ళో అనేవారు గానీ ఆయన పెంచిందేం కాదు, దాన్ని పెంచడం ఎవరి తరమూ కాదు. వీరరాఘవయ్య గారి నలభై ఎకరాల తోటకు చిన్నరాయప్ప కాపలా. తోట వెనక గుట్ట. గుట్టకూ తోటకూ నడుమ రేగు పొదలు, తుమ్మ చెట్లు, బోదగడ్డి పెరిగిన బీడు. ఆ బీడులో ఒంటరిగా ఒక మగ జింక తిరిగేది. చేలో పడి మేసే చుక్కల దుప్పి లాంటిది కాదు. మనిషి తొడ ఎత్తుకు మించదు, ఓ మోస్తరు మేకపోతంత బరువు. ఇసుక రంగు ఒళ్ళు, తెల్లటి పొట్ట, ఒక్క క్షణం నిలకడ లేకుండా కొట్టుకునే నల్లటి పొట్టి తోక. కంటి కొస నుంచి మూతి దాకా కాటుక కారినట్టు ఒక గీత. నెత్తి మీద జానెడుకు కాస్త ఎక్కువగా, ఇంచుమించు నిటారుగా రెండు కొమ్ములు, వాటి చుట్టూ కింది నుంచి పైకి వలయాలు. దుప్పి కొమ్ములు ఏటా రాలిపోయి కొత్తవి వస్తాయి. దీనివి అలా రాలవు, ఒకసారి మొలిచినవే ప్రాణం ఉన్నంత వరకూ. దాని పేరు చింకారా అని, ఈ వైపు ఆ జాతి కనిపించడమే వింత అని, గుట్టలు పట్టుకుని తెలంగాణ వైపు నుంచి ఎప్పుడో దాని పెద్దలు వచ్చి ఉంటారని తరవాత వచ్చిన అడవి ఆఫీసు అమ్మాయి చెప్పింది. అప్పటిదాకా ఊరికి అది వట్టి జింకే.

పున్నమ్మ తోటలోని రేకుల గదిలోకి మకాం మార్చింది స్వాతి పెళ్ళయ్యాకే, అంటే మూడేళ్ళ కిందట. అంతకుముందు ఊళ్ళో ఉండేది, మొగుడే పొద్దుగూకి అన్నానికి వచ్చి వెళ్ళేవాడు. తోటకు వచ్చేసరికి జింక అప్పటికే ఎదిగి ఉంది. రోజూ కంటపడుతుంటే కొన్ని సంగతులు వాటంతటవే తెలిశాయి. డ్రిప్ పైపు పగిలి నీళ్ళు పారుతున్నా అది మూతి పెట్టేది కాదు. ఆకుల మీది మంచు, నమిలే ఆకులో ఉండే తడి, దానికవే చాలు. బీడులో నాలుగైదు చోట్లు ఎంచుకుని రోజూ అక్కడే పెంటికలు వేసేది, ఇది నా హద్దు అని ఇంకో మగదానికి చెప్పడానికట, అక్కడ ఇంకో మగది లేకపోయినా సరే. కుక్క వాసన తగిలితే తుమ్మినట్టు ఒక చప్పుడు చేసి, ముందు కాలు నేలకేసి టక్కున కొట్టి, కంటికి అందనంత జోరుగా గుట్ట ఎక్కేసేది.

చిన్నరాయప్ప పొద్దున్నే ఒక చప్టా బండ మీద గుప్పెడు రాళ్ళ ఉప్పు పోసేవాడు. అది వచ్చి నాకి వెళ్ళేది. ఆయన పోయిన మర్నాడు కూడా పున్నమ్మ వెళ్ళి ఉప్పు పోసింది. జాలీ ప్రేమా ఏమీ కాదు, మానెయ్యాలని తోచలేదు. అది పదడుగుల దూరంలో నిలబడి ఆమెను చూసేది, ఆమె దాన్ని చూసేది. ఎవరి పని మీద వాళ్ళు పోయేవారు.

పోయిన ఏడు వానాకాలంలో వీరరాఘవయ్య గారు సగం తోట తీయించి పామాయిల్ వేయాలనుకున్నారు. మామిడిని నమ్ముకుంటే పూత నిలిచిన ఏడు గాలివాన, గాలివాన లేని ఏడు పురుగు, ఆ విసుగు తోట ఉన్న ప్రతివాడికీ తెలిసిందే. తోట, బీడు కలిపి చుట్టూ కరెంటు కంచె వేయించే ఏర్పాటు కూడా చేశారు. కంచె పూర్తయితే జింక లోపలైనా ఇరుక్కోవాలి, బయట కుక్కల పాలైనా కావాలి. ఆయన చెడ్డవాడు కాదు. ఆ పాపం నాకెందుకని తనే అడవి ఆఫీసుకు ఫోన్ చేశారు.

వచ్చిన ఉద్యోగి పేరు హాసిని. స్వాతి కంటే ఒకటి రెండేళ్ళు చిన్నదేమో. స్కూటీ మీద వచ్చి, తుమ్మ చెట్లకు కెమెరాలు కట్టి, వారం తరవాత మళ్ళీ వచ్చి వీరరాఘవయ్య గారితో చాలాసేపు మాట్లాడింది. తేలిందేమంటే దారులు రెండు. గుట్ట వైపు కంచెలో కొంత మేర ఖాళీ వదిలేసి జింక మానాన దాన్ని ఉండనివ్వడం ఒకటి. అలా అయితే ఏడాది, మహా అయితే రెండేళ్ళు ఆగుతానని ఆయన ఒప్పుకున్నారు. లేదంటే దాన్ని పట్టి, ఆడ జింకలున్న అభయారణ్యానికి చేర్చడం. ఏది మేలో తేల్చాల్సింది దాని వయసు. ఈ జాతి అడవిలో పదేళ్ళు బతికితే ఎక్కువ, పన్నెండు దాటేవి అరుదు. అయిదారేళ్ళదైతే సగం బతుకు ఇంకా ముందుంది, పట్టుకున్నా తట్టుకుంటుంది, అక్కడ తన సంతానాన్ని చూసుకుంటుంది. పదేళ్ళు దాటినదైతే మాత్రం దాని జోలికి పోకూడదు. ముసలి జింకను పట్టుకుంటే ఆ భయానికే కండలు బిగదీసుకుపోయి గుండె ఆగిపోతుంది. పళ్ళు చూస్తే వయసు తెలుస్తుంది గానీ పళ్ళు చూడాలంటే ముందు పట్టుకోవాలి. అందుకని హాసిని నర్సరీకి వచ్చింది.

అప్పుడు అంటుల కాలం. పున్నమ్మ గోనె పట్టా మీద కూర్చుని పొద్దుట్నుంచీ పుల్లలు చెక్కుతోంది. హాసిని వచ్చి పక్కనే ఒక ఖాళీ డబ్బా బోర్లించి కూర్చుంది. రెండు దారులూ ఆమెకు కూడా విడమరిచి చెప్పింది. ముసలిదైతే పట్టకూడదన్న మాట రెండుసార్లు చెప్పింది. తరవాత అడిగింది.

“మీవారు దాన్ని ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నారో మీకెప్పుడైనా చెప్పారా, పున్నమ్మగారూ?”

చెప్పాడు. చెప్పని రోజేది? చిన్నరాయప్పకు రెండు నోళ్ళున్నాయని ఊళ్ళో ఎగతాళి. రోజంతా చెట్ల మధ్య ఒక్కడే ఉండి, పొద్దుగూకి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుంటూనే మొదలుపెట్టేవాడు. ఇవ్వాళ జింక ఇలా చేసింది, ఇవ్వాళ అలా నిలబడింది, అది పుట్టిన ఏడు ఫలానాది జరిగింది, దాని తల్లి ఇలా ఉండేది. పున్నమ్మ పొయ్యి దగ్గర ఉండేది. రేపటికి ఎన్ని పుల్లలు కావాలి, రిబ్బను సరిపోతుందా, స్వాతికి జ్వరం తగ్గిందా, ఇవే ఆలోచనలు. ఆయన మాటలు చెవిన పడేవి, అక్కడే ఉండిపోయేవి. చెడ్డతనం కాదు, అలక కాదు. ఉన్న మనిషే గదా, రేపు కూడా చెప్తాడుగా అనే ధీమా. ఇప్పుడు ఎంత వెతుక్కున్నా ఆ మాటల్లో ఒక్క ముక్క కూడా చేతికి రాలేదు. ఆయన గొంతు ఒక్కటే గుర్తుంది. మొగుడు పదేళ్ళకు పైగా చెప్తే నేను వినలేదని కూతురు వయసు పిల్లతో ఎలా అంటుంది?

“లేదమ్మా, దాని గురించి ఆయన నాకేం చెప్పేవాడు కాదు” అంది.

పచ్చి అబద్ధం. దాని వెనకాలే, ఆ పిల్లను వట్టి చేతులతో పంపకూడదని కూడా అనిపించింది. హాసిని ఫోన్‌లో కెమెరా తీసిన బొమ్మ చూపించింది. జింక తల పక్కకు తిప్పి ఉంది, కొమ్ము స్పష్టంగా కనపడుతోంది. హాసిని వేళ్ళతో బొమ్మ పెద్దది చేసింది. పున్నమ్మ బొటనవేలు, పొద్దుట్నుంచీ చేస్తున్న పనే చేస్తున్నట్టు, ఆ అద్దం మీద కింది నుంచి పైకి జారింది. పదిహేడు వలయాలు. మూడింటికి ఒక ఏడు చొప్పున అయిదేళ్ళు, పైన రెండు.

“అయిదు నిండి ఆరో ఏడు నడుస్తోందండీ.”

ఎలా చెప్పగలుగుతున్నారని హాసిని అడిగితే, చూస్తే తెలిసిపోతుందండీ అంది. రోజూ చూసే మనిషి, తడుముకోకుండా చెప్పింది. జింక ఒంటి మీద వెంట్రుక నిగనిగలాడుతోంది, పరుగులో తేడా లేదు. హాసిని రాసుకుంది. కొమ్ము వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పడం కుదరదని హాసినికి తెలుసు. పున్నమ్మ లెక్కపెట్టిందని మాత్రం తెలియదు.

పట్టే పని చలికాలంలో పెట్టుకున్నారు, ఎండల్లో అసలే ప్రమాదమని. తరిమి వల వేయకూడదని, దానంతటది నడిచొచ్చి లోపలికి వెళ్ళాలని పశువుల డాక్టరు కిషోర్ బాబు గట్టిగా చెప్పాడు. నర్సరీ నుంచి మొక్కలకు నీడ కోసం కట్టే ఆకుపచ్చ షేడ్‌నెట్ తెచ్చి, దూరంగా వెడల్పుగా మొదలై పోను పోను ఇరుకయ్యేట్టు రెండు గోడల్లా కట్టారు. చివర చెక్క పెట్టె, దాని మీద తాటాకులు. నెట్ ముక్కలను కలిపి కుట్టింది పున్నమ్మే. ఉప్పు బండను రోజుకు రెండడుగుల చొప్పున పెట్టె వైపు జరిపింది కూడా ఆమే. నెల పట్టింది. జింక మొదట్లో ఆగి ఆగి వచ్చేది, ఆనక అలవాటు పడింది. మామిడి చెట్లు పూమొగ్గ కట్టే వేళకు ఉప్పు పెట్టె లోపల ఉంది.

ఆ ఉదయం మంచు బాగా కురిసింది. పున్నమ్మ ఉప్పు పోసి ఎప్పటిలాగే పక్కకు వచ్చి నిలబడింది. జింక వచ్చింది. పెట్టె ముందు ఆగి ఒకసారి తుమ్మి, కాలు నేలకేసి కొట్టింది. అది పున్నమ్మ వైపు చూసింది. ఆమె ఎప్పటిలాగే కదలకుండా ఉంది. అది తల వంచి లోపలికి వెళ్ళింది. తలుపు దిగింది. లోపల ఒక్కసారి ధబ్‌మని చప్పుడు, తరవాత ఏమీ లేదు. గింజుకోవడం లేదు, మంచిదే అన్నాడు డాక్టరు. హాసిని ముఖం వెలిగిపోయింది. మీ వాసన దానికి అలవాటే కాబట్టి కొంత దూరం మీరూ రండని ఆమె అంటే పున్నమ్మ చెప్పులు వేసుకుని వ్యానెక్కింది.

నూజివీడు దాటేదాకా పెట్టెలోంచి వేగంగా ఊపిరి వినపడుతూనే ఉంది. డాక్టరు రెండు చోట్ల ఆపి, పెట్టె మీద తడి గోనె కప్పాడు. హనుమాన్ జంక్షన్‌లో లారీలు ఆగే చోట పక్కన నీడ చూసి మూడోసారి ఆపారు. ఊపిరి వినపడలేదు. డాక్టరు పెట్టె తలుపు పైకెత్తి లోపలికి దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, సీసాలో నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. రోడ్డు మీద బస్సుల వాళ్ళు ఏలూరు, విజయవాడ అని అరుస్తున్నారు.

హాసిని వ్యాను మెట్టు మీద కూలబడిపోయింది. అయిదేళ్ళది ఇంత త్వరగా ఎలా పోతుంది సార్ అని అడిగింది. డాక్టరు జింక దవడ తెరిచి చూపించాడు. కింది దంతాలు చిగుళ్ళ దాకా అరిగిపోయి, నున్నగా, గులకరాళ్ళలా ఉన్నాయి.

“పన్నెండేళ్ళు దాటింది దీనికి. ఈ పళ్ళతో ఇంకో ఎండాకాలం కష్టమే. కానీ ఆ కాస్తా అక్కడే బతికేది.”

“కొమ్ము మీద వలయాలు పదిహేడే ఉన్నాయండీ” అంది పున్నమ్మ.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. అప్పుడు హాసినికి కూడా అర్థమైంది. డాక్టరు కోప్పడలేదు. కొమ్ము ఎదిగేదంతా వయసులో ఉన్నప్పుడే, తరవాత నెమ్మదిస్తుంది, వలయాలు ఇన్నేళ్ళకు ఇన్ని అని లెక్కేం ఉండదమ్మా అని మెల్లిగా చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది. పున్నమ్మ తల ఊపింది. మామిడికైతే తప్పదండీ అని మాత్రం అంది. చెయ్యి చాపి జింక చెవి వెనక ముట్టుకుంది. ఏడాదిన్నరగా రోజూ ఉప్పు పోస్తున్నా దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. వెచ్చగానే ఉంది. ఆమెకు మాత్రం ఏమీ అనిపించలేదు. తప్పు చేశానని తెలుసు, ఆ తెలియడం ఎవరో చెప్తే విన్నట్టుంది.

వాళ్ళు జింకను తీసుకుని ఆఫీసుకు వెళ్ళారు. హాసిని దగ్గరుండి పున్నమ్మను బస్సెక్కించింది. తోట దారి మలుపులో దిగేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ శివ టీ బంకు ఉంది. శివకు నలభై ఉంటాయి, చుట్టరికం లేకపోయినా చిన్నరాయప్పను మావయ్య అని, ఆమెను అత్త అని పిలుస్తాడు. ఎండన పడి వస్తోందని బెంచీ తుడిచి కూర్చోబెట్టాడు. జింక చేరిందా అత్తా అని అడిగాడు. దారిలో పోయిందని చెప్పింది.

శివ నిట్టూర్చాడు. “దానికీ రోజులు దగ్గర పడ్డాయిలే అత్తా. మావయ్య లెక్క ప్రకారం పదమూడో ఏడు నడుస్తోందిగా.”

పున్నమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. నీకెలా తెలుసని అడిగింది. తెలియకపోవడమేంటి, రోజూ పొద్దున్నే ఇదే బెంచీ మీద కూర్చుని చెప్పేవాడుగా అన్నాడు శివ. పాలవాడికి తెలుసు, ట్రాక్టరు తోలే పున్నయ్యకు తెలుసు, ఇక్కడ టీ తాగే ప్రతివాడికీ ఆ జింక వయసు తెలుసు. మరి హాసిని వచ్చినప్పుడు మీరెందుకు చెప్పలేదంది.

“మమ్మల్నెవరడిగారు? అయినా నువ్వున్నావుగా అనుకున్నాం. మావయ్య ఎప్పుడూ అనేవాడు. నేను పోయినా దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ మా పున్నమ్మ దగ్గర ఉంటాయిరా, అది మాట్లాడదు గానీ నేను చెప్పేదాంట్లో ఒక్క మాట పొల్లు పోనివ్వదు అని. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన్ని చూడాలి నువ్వు. పెద్ద ఆస్తి ఉన్నోడిలా కూర్చునేవాడు.”

శివ ఇంకేదో అంటూనే ఉన్నాడు. పున్నమ్మకు నొప్పి వేసింది. రొమ్ముల నడుమ మొదలై గొంతు దాకా వచ్చింది. బెంచీ అంచు పట్టుకుంది. ఏడాదిన్నర కింద మట్టి చేసి వచ్చిన మనిషి చచ్చిపోయాడన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. తను వింటోందనుకునే పోయాడు. ఆ నమ్మకంతోనే రోజూ కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి చెప్పేవాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. శివ కంగారుపడి, జింక కోసం అనుకుని, పోనీలే అత్తా, పోనీలే అన్నాడు.

“ఆయన చెప్పిందంతా చెప్పు శివా, మొదట్నుంచీ.”

“నీకు తెలిసిందేగా అత్తా.”

“తెలిసినా సరే, ఏదీ వదలకుండా చెప్పు.”

శివ స్టవ్ తగ్గించి, బల్ల ఇవతలికి వచ్చి కూర్చున్నాడు. చిన్నరాయప్ప కాపలాకు కుదిరిన ఏడే అది పుట్టిందట. తల్లి చూలుతో ఉండగానే ఆయన చూశాడట, అయిదున్నర నెలలు మోసిందని రోజులు లెక్కవేశాడట. తల్లికీ కొమ్ములుండేవట, సన్నగా, గడ్డి పుల్లల్లా. ఒక పొద్దున రేగు పొద కింద మెడ నేలకానించి కదలకుండా పడున్న పిల్లను చూసి చచ్చిందనుకున్నాడట. తల్లి వదిలేసిందేమో, ఇంటికి తెద్దామా అనుకుంటుంటే దూరంగా గుట్ట మొదట్లో కాలు నేలకేసి కొడుతున్న చప్పుడు వినపడిందట. అది చచ్చిందీ కాదు, వదిలేసిందీ కాదు. దాచింది. తను దగ్గరుంటే కుక్కలకు ఆచూకీ తెలుస్తుందని తల్లి దూరంగా ఉండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పాలిచ్చి, ఒళ్ళంతా వాసన లేకుండా నాకి వెళ్ళేదట. ఆయన ఆ పొద వైపు రెండు వారాల పాటు ఎవర్నీ పోనివ్వలేదట. రెండు నెలలకు పాలు మానిందట. రెండో ఏడు తల్లిని కుక్కలు పట్టుకున్నాక పిల్ల మూడు రోజులు ఆ చుట్టుపక్కలే తిరిగిందట, ఆ మూడో రోజే ఆయన మొదటిసారి బండ మీద ఉప్పు పోశాడట.

పున్నమ్మ వింటోంది. నర్సరీకి పోవాల్సిన వేళ దాటిపోయింది. శివ ముందుది వెనక్కి చెప్పినా, ఒకసారి చెప్పిన ఏడు ఇంకోసారి చెప్పినదానితో పొసగకపోయినా మధ్యలో ఆపి సరిగ్గా చెప్పించుకుంది. ఒకసారి రోడ్డు మీద మట్టి లారీ వెళ్ళి ఆ చప్పుడులో ఒక మాట వినపడకపోతే, అది వెళ్ళేదాకా ఆగి, ఇందాక ఏమన్నావు, ఆ మాట మళ్ళీ చెప్పమంది.